మనోవ్యాధి పరిశోధనమున సమ్మతి – పల్నాటి పరిస్థితులను బట్టి ఒక పరిశీలన

శిలాశాసనమును చదువువాడు శిల యొక్క అనుమతి నడుగ నక్కరలేదు. తాళపత్రములను విప్పువానికి అవి నొచ్చుకొనునను భయము లేదు. మనుష్యుని మనస్సును పరిశోధనవస్తువుగా గ్రహించినవానికి ఈ సౌకర్యము లేదు. అతని యెదుట నున్నది వస్తువు కాదు, మరియొక మనిషి. అందును బాధలో నున్న మనిషి. ఆ మనిషివలన జ్ఞానము సంపాదింపదలచినవాడు ముందుగా అతని సమ్మతి పొందవలెనను నియమము నేడు సర్వత్ర అంగీకృతమైనది. ఆ సమ్మతి యనగా నేమి, అది నిజముగా కలిగినదని ఎట్లు తెలియును అను ప్రశ్నలకు మాత్రము సమాధానము అంత సులభము కాదు.

ఈ నియమము లెట్లు ఏర్పడినవి, నేటి చట్టమేమి చెప్పుచున్నది, పల్నాడువంటి ప్రాంతమున అవి తెలుగు మాటలలోనికి దిగినపుడు ఏమగుచున్నవి అను మూడంశములను ఈ వ్యాసమున పరిశీలింతును. వీనిలో మూడవదియే ప్రధానము. సమ్మతి సంతకము కాదు, అవగాహన. అవగాహన భాషకు లోబడినది. కావున ఈ విషయము వైద్యశాఖలకు మాత్రమే విడిచిపెట్టదగినది కాదని నా అభిప్రాయము.

రెండు సంఘటనలు

పల్నాటికి ఈ ప్రశ్న పరాయిది కాదు. సున్నపు బట్టీలకు పేరొందిన పిడుగురాళ్ల ప్రాంతమునుండి పేద స్త్రీలను హైదరాబాదునకు తీసికొనిపోయి, వారిపై మందుల పరీక్షలు జరిపిరను వార్త 2011 జూన్ మాసమున వెలువడెను. అవి కాన్సరు మందులని పత్రికలు వ్రాసినవి. తమకు కొంత సొమ్ము ముట్టజెప్పిరనియు, తిరిగి వచ్చిన పిమ్మట ఒంటినొప్పులు మొదలగు బాధలు కలిగినవనియు ఆ స్త్రీలు చెప్పిరి. ఔషధ నియంత్రణాధికారులు విచారణ జరిపి, ఆ పరీక్షలు చేసిన సంస్థకు గల అనుమతిని నిలిపివేసిరి. అవి మనోవ్యాధికి సంబంధించిన మందులు కావు. అయినను మన విషయమునకు ఆ సంఘటన చాల దగ్గరిది. సొమ్ము ఇచ్చి పిలిచినపుడు కూలికి పోవు స్త్రీకి అది కూలిపనిగానే తోచును. డాక్టరు సూదివేసినపుడు అది వైద్యముగా తోచును. కూలియు కాక, వైద్యమును కాక, ప్రయోగమను మూడవది యొకటి కలదని ఆమెకు తెలియజేయు మాట యేది? ఆ మాట లేకుండ పుట్టిన సమ్మతి దేనికి సమ్మతి?

రెండవది అప్పటి ఆంధ్రప్రదేశమునందలి ఖమ్మం జిల్లాలో 2009లో జరిగినది. గర్భాశయ ముఖద్వార కాన్సరును నిరోధించు టీకాను 10 మొదలు 14 ఏండ్లలోపు బాలికలకు వేసి పరిశీలించిరి. వీరిలో పలువురు గిరిజన వసతిగృహములందు చదువుకొనువారు. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమమును ప్రభుత్వము నిలిపివేసెను. పార్లమెంటు స్థాయీసంఘము 2013 ఆగస్టులో సమర్పించిన నివేదికలో ఆంధ్రప్రదేశమునకు చెందిన 9,543 సమ్మతిపత్రములలో 1,948 వేలిముద్రలతో నున్నవనియు, 2,763 వసతిగృహ పర్యవేక్షకులు సంతకము చేసినవనియు పేర్కొనబడినది. పర్యవేక్షకుడు బాలికకు అన్నము పెట్టించువాడే కాని తండ్రి కాడు. మనోవ్యాధి చికిత్సాలయమున నున్న రోగికిని అక్కడి అధికారికిని గల సంబంధము ఇట్టిదే. తలుపు తీయువాడును మూయువాడును ఒకడే అయినపుడు, అతడడిగిన ప్రశ్నకు ‘వద్దు’ అని చెప్పు శక్తి రోగికి ఎంత ఉండును?

నియమముల చరిత్ర

పరిశోధననీతి చరిత్రలో మనోరోగులకు ప్రత్యేకస్థాన మున్నది. అది గౌరవస్థానము కాదు. 1940, 1941 సంవత్సరములలో నాజీ ప్రభుత్వము జర్మనీలోని చికిత్సాలయములనుండి 70,000కు పైగా మనోరోగులను, బుద్ధిమాంద్యము గలవారిని తరలించి చంపించెను. అట్లు మృతులైనవారిలో కొందరి మెదళ్లను శాస్త్రవేత్తలు పరిశోధనకై స్వీకరించిరి. యుద్ధానంతరము నాజీ వైద్యులపై నడచిన విచారణ ఫలితముగా 1947లో వెలువడిన న్యూరెంబర్గు నియమావళి, మనిషి స్వేచ్ఛతో ఇచ్చు సమ్మతి అత్యవశ్యకమని మొదటి సూత్రముగానే విధించినది.

కాని ఆ సూత్రమును అక్షరాల పాటించినచో మతి స్థిమితములేనివారిపై ఏ పరిశోధనయు సాగదు. వారి వ్యాధికి మందును దొరకదు. ఈ చిక్కును గమనించియే ప్రపంచ వైద్యసంఘము 1964లో చేసిన హెల్సింకి ప్రకటనలో, సమ్మతి ఇయ్యజాలనివారి తరఫున సంరక్షకుడు సమ్మతించుటకు అవకాశము కల్పించినది. ఇది అవసరమే, కాని చాలదు. న్యూయార్కు రాష్ట్రమందలి విల్లోబ్రూకు సంస్థలో బుద్ధిమాంద్యముగల పిల్లలకు 1950ల నడుమనుండి బుద్ధిపూర్వకముగా కామెర్లవ్యాధి నంటించి పరిశీలించిరి. తలిదండ్రుల సంతకము లున్నవి. కాని ఒక దశలో ఆ సంస్థలో చోటులేదని పిల్లలను చేర్చుకొనుట మానినప్పుడు, పరిశోధన జరుగు విభాగములో మాత్రము చోటుండెను. బిడ్డను చూచుకొను దారిలేని తల్లి ఆ ద్వారముననే ప్రవేశింపవలసి వచ్చెను. అట్టి సంతకమును సమ్మతి యనుటకంటె గత్యంతరము లేమి యనుట న్యాయము.

1979లో అమెరికాలో వెలువడిన బెల్మాంటు నివేదిక ఈ అనుభవముల సారమును మూడు ధర్మములుగా చెప్పినది: మనిషిని మనిషిగా గౌరవించుట, మేలు చేయుట, న్యాయము పాటించుట. పరిశోధనభారము బీదవారిపైనను, ఫలము కలవారికిని పోరాదనుట ఈ న్యాయధర్మము. మన దేశమున భారత వైద్య పరిశోధన మండలి 1980లో ఒక విధానప్రకటనను, తరువాత 2000, 2006, 2017 సంవత్సరములలో విపులమైన మార్గదర్శకములను ప్రకటించినది. హెల్సింకి ప్రకటనను 2024లో సవరించినప్పుడు, అంతవరకు పరిశోధనకు లోనగువారు అను అర్థమిచ్చుచుండిన పదమును తొలగించి, పాల్గొనువారు అను అర్థముగల పదమును చేర్చిరి. అరువది సంవత్సరముల చర్చ చివరకు ఒక పదము మార్పుగా పరిణమించినదనుట భాషావిద్యార్థులు గమనింపదగిన విషయము.

2017 నాటి చట్టము

మన దేశమున ఈ విషయమునకు నేటి ఆధారము 2017 నాటి మానసికారోగ్య సంరక్షణ చట్టము. ఇది 2018లో అమలులోనికి వచ్చినది. దీని 99వ సెక్షను పరిశోధనకు సంబంధించినది. మందు ఇచ్చి చేయు ప్రయోగమునకే కాక, రోగిని ప్రశ్నించి సమాధానములు సేకరించుటకు సైతము స్వేచ్ఛతో, తెలిసి ఇచ్చిన సమ్మతి కావలెనని ఈ సెక్షను విధించుచున్నది. కావున ప్రశ్నావళి చేతబట్టి పల్లెకు పోవు పరిశోధకవిద్యార్థికిని ఇది వర్తించును. ‘నేను మందీయలేదు, మాటలే అడిగితిని’ అను సమాధానమునకు చట్టమున చోటులేదు.

సమ్మతి ఇయ్యజాలని స్థితిలో నుండి, పాల్గొనుటకు ఎదురుచెప్పని వ్యక్తి విషయమున రాష్ట్ర మానసికారోగ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందవలెను. ఆ సంస్థయు, రోగి తరఫున నియమితుడైన ప్రతినిధి సమ్మతి లభించినపుడు, కొన్ని నిబంధనలకు లోబడి మాత్రమే అనుమతింపగలదు. ఆ పరిశోధన సమ్మతి ఇయ్యగలవారిపై చేయుటకు వీలులేనిదై యుండవలెను. అట్టి రోగుల వర్గమునకే మేలు కూర్చునదై యుండవలెను. పరిశోధకుల స్వప్రయోజనములు దాచకుండ తెలుపబడవలెను. సంస్థలోని నైతిక పరిశీలక సంఘము ఆమోదించి యుండవలెను. ఒకమారు సమ్మతించినవాడు పరిశోధన నడుచుచుండగా ఎప్పుడైనను దానిని ఉపసంహరించుకొనవచ్చును.

ఇదే చట్టములోని 4వ సెక్షను చికిత్సను గూర్చి రోగి నిర్ణయము తీసికొను సామర్థ్యమును వివరించుచున్నది. రోగికి అర్థమగు సరళభాషలోనో, సంజ్ఞలతోనో, బొమ్మలతోనో సమాచారము చెప్పవలెనని అందు స్పష్టముగా నున్నది. రోగి నిర్ణయము ఇతరులకు తప్పుగా తోచినంతమాత్రమున అతనికి సామర్థ్యము లేదనరాదనియు నున్నది. ఇది చికిత్స విషయమున చెప్పినదే యైనను, దీనిలోని తత్త్వము పరిశోధనకును పనికివచ్చును. అర్థము కాకపోవుట వినువాని లోపమే యని ముందుగా తీర్మానింపరాదు. చెప్పువాని భాష సరిగా నున్నదా అని మొదట చూడవలెను. విషయమును మరల మరల చెప్పి, నడుమ ప్రశ్నలడిగి సరిదిద్దినచో స్కిజోఫ్రీనియా గలవారిలో ననేకులకు అవగాహన పెరుగునని పాశ్చాత్యదేశములలోని అధ్యయనములు చూపినవి. మనోవ్యాధి యున్నంతమాత్రమున మనిషి సమ్మతికి అనర్హుడు కాడు.

తెలుగు మాటల చిక్కులు

ఇక ప్రధానవిషయమునకు వత్తము. సమ్మతిని తెలుపుటకు మనకు మాటల కొరతలేదు. అయితే ప్రతిమాటకును వెనుక ఒక లోకమున్నది. ‘ఒప్పుకొను’ అను క్రియనే తీసికొందము. పల్లెలో పెండ్లికి ఒప్పుకొందురు, బేరమునకు ఒప్పుకొందురు, నేరమునుగూడ ఒప్పుకొందురు. ‘ఒప్పుకొంటున్నాను’ అని వ్రాసిన కాగితముపై వేలిముద్ర వేయుమనినపుడు, ముందే బెదరియున్న మనోరోగికి అది నేరాంగీకారముగా తోచిన ఆశ్చర్యము లేదు. ‘అనుమతి’ పైవాడు క్రిందివానికి ఇచ్చునది. రోగి డాక్టరుకు అనుమతినిచ్చుట మన పల్లెవాసికి తలక్రిందుల వ్యవహారము. ‘మీకు ఇష్టమేనా, వద్దా’ అను మాటలో మాత్రము నిరాకరించు హక్కు వినబడుచున్నది. సామాన్యమైన మాటయే ఇచ్చట శాస్త్రీయమైన మాట.

‘పరీక్ష’ అను మాట ఇంతకన్న ప్రమాదకరము. రక్తపరీక్ష, కంటిపరీక్ష అనునవి రోగి మేలుకొరకు చేయునవి. ‘మీకు పరీక్ష చేస్తాం’ అని చెప్పి మందును పరీక్షించినచో, పరీక్ష తనకు కాదు మందుకు అని రోగి గ్రహించుటెట్లు? పరిశోధనను చికిత్సయని భ్రమపడుట అన్నిదేశములలోను కలదు. తెలుగున ఈ భ్రమకు మన పదమే తోడుపడుచున్నది.

వేలిముద్ర సంగతి వేరుగ చెప్పవలెను. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతములలో మిరప, ప్రత్తి పండించు చిన్నరైతు జీవితమున వేలిముద్ర వేయు సందర్భము లేవి? ప్రామిసరీ నోటు, భూమి దస్తావేజు, రేషను సరకు. వీనిలో మొదటి రెండును ఒకమారు వేసిన పిమ్మట వెనుకకు తీసికొనరానివి. ‘ఎప్పుడైనను మానుకొనవచ్చును’ అను హామీని అట్టి ముద్రక్రింద వ్రాసినచో అతడు నమ్మునా? కావున ఆ హామీని నోటితో, సాక్షి యెదుట, ముద్ర వేయించుటకు ముందుగా చెప్పవలెను.

సమ్మతిపత్రముల శైలికి ఒక ఉదాహరణము కల్పించి చూపుదును. ‘ఈ అధ్యయనమందు పాల్గొనువారు యాదృచ్ఛిక పద్ధతిని రెండు సమూహములుగ విభజింపబడుదురు, అందొక సమూహమునకు నిష్క్రియౌషధ మొసగబడును.’ వ్యాకరణదోషము లేదు; అర్థబోధయు లేదు. ఈ సంగతినే ఇట్లు చెప్పవచ్చును: ‘అమ్మా, ఈ మందు పనిచేస్తుందో లేదో మాకే ఇంకా తెలియదు. తెలుసుకోవడానికే ఇదంతా. సగం మందికి మందున్న మాత్ర, సగం మందికి మందులేని మాత్ర ఇస్తాం. ఎవరికి ఏదన్నది బొమ్మా బొరుసా వేసినట్టు తేలుతుంది. మీకు ఏది వచ్చిందో మీకూ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. వద్దంటే ఇక్కడ మీకు జరిగే వైద్యం ఏమీ ఆగదు.’ ‘చీటీ వేసినట్టు’ అని వ్రాయకపోవుటకు కారణమున్నది. చీటీపాట యని తలచినచో, ఆలస్యముగానైనను అందరికిని వంతు వచ్చుననుకొందురు. ఇంత చిన్నమాటలో ఇంత భేదమున్నది. మన పరిశోధనపత్రికలకు తగిన భాష ఆ పత్రమునకు తగదని నిస్సంకోచముగా అంగీకరింపవలెను.

పల్నాటి క్షేత్రమున మూడు సందర్భములు

మొదటిది, ఆత్మహత్య జరిగిన రైతు కుటుంబము. మృతుని మానసికస్థితిని తెలిసికొనుటకు అతని బంధువులను విచారించు పద్ధతి మనోవైద్యమున కలదు. మన రాష్ట్రమున 2004 నుండి ఇట్టి కుటుంబములకు పరిహారమిచ్చు ఉత్తరువులున్నవి. అధికారులు ఇంటికి వచ్చి, అప్పులెన్ని, పంట యేమైనది, ఇతరకారణము లున్నవా అని విచారింతురు. పరిశోధకుడు కాగితములతో వచ్చి అడుగునవియు ఇంచుమించు ఆ ప్రశ్నలే. భర్తను పోగొట్టుకొన్న స్త్రీ అతనిని అధికారి యనుకొనుట సహజము. అపుడు ఆమె పరిహారము పోవునను భయముతో మద్యమునో మనోవ్యాధినో దాచవచ్చును; లేదా పరిహారము వచ్చునను ఆశతో, చెప్పుట కిష్టములేని సంగతులుగూడ చెప్పవచ్చును. మొదటిది శాస్త్రమునకు హాని, రెండవది మనిషికి హాని. ‘నేను ప్రభుత్వమునుండి రాలేదు, నాతో మాటలాడినను మానినను మీకు వచ్చు డబ్బులో తేడా ఉండదు’ అనునది ఆ గడపలో పలుకవలసిన మొదటివాక్యము.

ఇందులోనే మరియొక ధర్మమున్నది. ‘చనిపోవాలని అనిపించిందా’ అని ప్రశ్నావళిలో నుండును. ‘అనిపించింది’ అను సమాధానము వచ్చినపుడు గడిలో గుర్తుపెట్టి తరువాతి ప్రశ్నకు పోవువాడు పరిశోధకుడు కాడు. పురుగుమందు డబ్బా ఇంటిలోనే యుండు ప్రాంతమున ఆ సమాధానము విన్నవానికి బాధ్యత కలుగును. ఎవరియొద్దకు పంపవలెనో ముందే ఏర్పాటు చేసికొనక ఆ ప్రశ్న అడుగరాదు. పశ్చిమగోదావరి జిల్లా పల్లెలలో జార్జి ఇన్‌స్టిట్యూటు వారు నడపిన మానసికారోగ్య అధ్యయనమున ఆశా కార్యకర్తలు ప్రజలను ప్రశ్నించి, దిగులు, ఆందోళన, ఆత్మహత్యాభయము కనబడినవారిని ప్రాథమిక ఆరోగ్యకేంద్రపు డాక్టరునొద్దకు పంపుట పరిశోధనలోనే భాగముగ నుండెను. ప్రశ్నయు సహాయమును కలిసి నడచుటకు ఇది తెలుగుదేశముననే యున్న దృష్టాంతము.

రెండవది, కారంపూడి వీరుల తిరునాళ్ల. కార్తికమాసపు అమావాస్యతో ఆరంభమగు ఈ ఉత్సవము రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అను పేర్లతో అయిదుదినములు జరుగును. వీరాచారవంతులు ఆయుధములకు పూజచేసి వాని నెత్తుకొందురు. కొందరికి పూనకము వచ్చును. దీనిని చూచిన మనోవిజ్ఞానశాస్త్రి తనకు తెలిసిన వ్యాధినామమును వ్రాసికొనవచ్చును. సమాజము పవిత్రమని తలచు స్థితికి వ్యాధినామము పెట్టుట ఆ వ్యక్తికే కాక అతని వంశమునకును, ఆచారమునకును అంటు మచ్చ. పూనకములో నున్నవాడు సమ్మతి ఇయ్యజాలడు. అది దిగిన పిమ్మట, తీరికగా, పెద్దల యెదుట అడుగవలెను. అతడు వద్దన్నచో అంతకుముందు తీసిన ఛాయాచిత్రములు గూడ పనికిరావని తలపవలెను.

మూడవది, పేర్ల విషయము. ఇచ్చట మన శాఖవారు ప్రత్యేకముగ జాగరూకులు కావలెను. జీన్ రోఘేరు పండితుడు పల్నాటి వీరులకథను సేకరించి 1982లో ప్రకటించిన గ్రంథమున, పాడిన అలిసెట్టి గాలెయ్య పేరు ముఖపత్రముననే యున్నది. కళాకారుని పేరు చెప్పకుండుట అన్యాయము; చెప్పుట ఋణము తీర్చుకొనుట. మనోవ్యాధి పరిశోధనమున ఇది తలక్రిందులగును. పేరు దాచుటయే అచ్చట గౌరవము. పేరు తీసివేసినంతమాత్రముననే అది దాగదు. ఊరు, కులము, ఎకరములు, చనిపోయిన సంవత్సరము వ్రాసినచో మండలమంతయు గుర్తించును. మాండలికపదములను, జీవితకథలను సేకరించు మన విద్యార్థులకును ఇట్టి వృత్తాంతములు తటస్థపడును. ఏది కథ, ఏది గాయము అను వివేకము వారికి కావలెను.

చేయదగిన పని

పై విచారమువలన తేలిన కర్తవ్యములు మూడు. మానవులపై జరుగు పరిశోధనలను పరిశీలించు నైతిక సంఘములలో వైద్యేతరులును, సామాన్యజనుల ప్రతినిధులును ఉండవలెనని మార్గదర్శకములే చెప్పుచున్నవి. ఆ స్థానములలో తెలుగు అధ్యాపకులు కూర్చుండి, సమ్మతిపత్రమును సంతకమునకై కాక అర్థమునకై చదువవలెను. రెండవది, ప్రతిపత్రమును అచ్చువేయుటకు ముందు చదువురాని అయిదారుగురికి వినిపించి, విన్నదానిని వారి మాటలలో తిరిగి చెప్పించుకొనవలెను. వారు తప్పు చెప్పినచోట దిద్దవలసినది పత్రమునే కాని వారిని కాదు. మూడవది, దిగులు, బెంగ, గుబులు, మనేద, గాలిసోకుడు మొదలగు మాటలను పల్నాటి ప్రజలు ఏ యర్థమున, ఏ సందర్భమున వాడుదురో సేకరించి మనోవైద్యులకు అందించుట. ఇది మాండలిక పదసేకరణయే. పరిశోధకవిద్యార్థులకు చక్కని విషయము.

నియమములు ప్రపంచమునుండి వచ్చినవి, చట్టము ఢిల్లీనుండి వచ్చినది. ‘ఇది మీకు ఇష్టమేనా’ అను ప్రశ్న మాత్రము గురజాలలోనో, మాచర్లలోనో, ఒక అరుగుపై కూర్చున్న మనిషికి తెలుగులోనే వినబడవలెను. ఆ ప్రశ్న అతనికి అర్థమైనప్పుడే అతని ‘ఊ’కు విలువ, ‘ఊహూఁ’ అన్నను అంతే విలువ ఇచ్చి, కాగితములు మడచుకొని నమస్కరించి రాగలిగినవాడే ఈ పరిశోధనకు అర్హుడు.